పేట సందు నుంచి పడుగు వీధికి

గడప దాటక ముందు

దూర ప్రయాణాలు చేసి వచ్చినవాళ్లు తాము ఎంత దూరం వెళ్లారో చెప్పి మొదలుపెడతారు. నేను ఎంత దగ్గర్లో బతుకుతానో చెప్పి మొదలుపెట్టాలి. అది చెప్పకపోతే ఈ యాత్రలో నేను ఎక్కడ బోల్తాపడ్డానో మీకు తెలియదు.

నేనుండేది బెంగుళూరు పాత పేటలో. చుట్టూ ఉండిన కోటగోడ ఏనాడో పోయింది గాని, లోపలి వీధులు మాత్రం రాజులనాడు వేసిన చోటనే ఉన్నాయి. దూదికొక పేట, బియ్యానికొక పేట, గాజులకొక పేట. మా సందు వీటిలో దేనికీ చెందదు. మూడింటి మధ్యా ఇరుక్కుని, మూడు వంపులు తిరిగి, ఒక బట్టల కొట్టు వెనకగోడకు తల ఆనించి ఆగిపోతుంది. ఆ సందులో మేడమీద ఒక గదిన్నర ఇంట్లో పదకొండేళ్లుగా మా కాపురం. గది ఏదో, అర ఏదో ఇంకా తేలలేదు.

ప్రెస్సులో శుభలేఖల ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఊరివాళ్ల తప్పులు నేను దిద్దుతాను, నా తప్పులు మా ఆవిడ దిద్దుతుంది. వాటిలో ఒకటి మాత్రం ఆమె చేతికీ లొంగలేదు. ఎక్కడికి నడిచినా అంగలు లెక్కపెడతాను. మా గుమ్మం నుంచి ప్రెస్సు రెండువందల పది అంగలు. కాఫీ హోటలు నలభై. గుడి డెబ్బయి అయిదు. డాక్టరు తొంభై, ఆయన రాసిన మందు దొరికే షాపు తొంభై మూడు. అంత మహానగరంలో ఉంటూ నేను బస్సెక్కిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "మా పేటలో జబ్బు కూడా నడిచిపోయే దూరంలోనే దొరుకుతుంది" అని చుట్టాల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

మా ఇంటి యజమానురాలు లక్ష్మక్క. పుట్టిల్లు ధర్మవరం. ఆషాఢ మాసం వచ్చే ముందు, మా కింద గదిలో ఉండే టైలరు ఖాళీ చేసి వెళ్లాడు. ఆ గదికి ఇద్దరు పోటీపడ్డారు. ఒకడు లక్ష్మక్క మేనల్లుడు ఓబులేసు, ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. రెండోవాడు మునియప్ప, ఇత్తడి పాత్రలకు సొట్టలు తీస్తాడు. సుత్తితో. పొద్దున ఆరింటి నుంచి. సరిగ్గా నా మంచం కింద.

లక్ష్మక్క నన్ను పిలిచి చెప్పింది: "ఓబులేసు అన్న కొడుక్కు శ్రావణంలో పెళ్లి. ఆ పిల్లోడికీ ఒక మగ్గం కావల్ల. ఆ ఇంట్లో ఉండేది రెండే గుంతలు, మూడోదానికి తావు లేదు. ఇంగ ఓబులేసు మగ్గం యాడ పెట్టుకుంటాడు, నెత్తి మీదనా? ఒకటో తారీఖు లోపల వాడొస్తే గది వాడిది. రాకుంటే మునియప్పకు మాటిచ్చేస్తా. నీకెట్లాగూ ఆషాఢంలో పెళ్లిండ్లు లేవు, పనీ లేదు. పోయి వాణ్ణి పిల్చుకొని రా."

గుంత అంటే మగ్గం ముందు నేలలో తవ్వేది. నేతగాడు అందులోకి కాళ్లు దించి కూర్చుని నేస్తాడు. గుంత లేకపోతే ఆ మగ్గం ఉట్టి కట్టెలే. ఓబులేసుకు గుంత, నాకు నిద్ర. ఇద్దరి బతుకూ ఆ ఒక్క గది మీద ఆధారపడి ఉంది. గొడుగు తీసుకుని బయలుదేరాను.

హిందూపురం

మొదట అనుకున్నది నేరుగా ధర్మవరం పోవాలని. రైలు హిందూపురంలో ఆగగానే కిటికీలోంచి బెల్లం వాసన లోపలికి వచ్చింది. దిగిపోయాను. ముక్కు చెప్పినట్టు విన్నాక కాళ్లు ఆగవు.

మార్కెట్టు వీధిలో బెల్లం అచ్చులు గోడలు కట్టినట్టు పేర్చి ఉన్నాయి. ఆ పక్కన చింతపండు గుట్టలు, వాటి మీద చెప్పులు విడిచి నడుస్తున్న ఆడవాళ్లు. ఇంకొంచెం పోతే మిరపకాయలు. అంత ఎరుపు ఒక్కచోట నేనెన్నడూ చూడలేదు. నోరు తెరుచుకుని చూశాను, అదే పొరపాటు. వరసగా పదమూడు తుమ్ములు తుమ్మాను. పద్నాలుగోది వస్తుందేమోనని బస్తాలు కుట్టే మనిషి దబ్బనం ఎత్తిపట్టుకుని నా కోసం ఆగాడు.

ఎదురుగా ఉన్న హోటల్లో ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి. నానిన బొరుగులకు పోపు పెట్టి ఇంత రుచి తెప్పించవచ్చునని మా పేటకు ఎవరూ చెప్పలేదు. హోటలాయన కన్నడంలో పలకరించి, తెలుగులో కాఫీ ఇచ్చి, మళ్లీ కన్నడంలో గ్లాసు కడగమని కేకేశాడు. కాఫీ ఎంత అంటే రెండణాలన్నాడు. కొత్త పైసలు వచ్చి ఏడాది దాటినా మనిషికింకా అణాలే. పన్నెండు కొత్త పైసలిచ్చాను.

"పన్నెండున్నర కదప్పా అయ్యేది?"

"అర పైసా ఎక్కడ దొరుకుతుంది?"

"నాకి తెలిస్తే నేనే తెచ్చుకుందును. ఆ అర పైసాకు బదులు, దుడ్లు వద్దు గానీ, ఆ గొడుగు పక్కన పెట్టప్పా. వచ్చేపోయేవాళ్లకు తగులుకుంటాండాది." అని, నా గొడుగును ఆపాదమస్తకం చూసి, "వానను వెతుక్కుంటా వచ్చినావా? ఈడ లేదు. అనంతపురం పక్క పోతాండావేమో, ఆడ అసలుకే లేదు" అన్నాడు.

హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. గొడుగు మాత్రం నాతోనే ఉంచుకున్నాను. ఆయన మాట అప్పుడే విని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

లేపాక్షి

హిందూపురం దాకా వచ్చి లేపాక్షి చూడకపోతే ఎలా అని ఒక పూట అటు తిరిగాను. నంది ముందు నిలబడి, అలవాటుకొద్దీ చుట్టూ నడిచాను. ఎన్ని అంగలో గుర్తులేదు. నా జీవితంలో మొదటిసారి లెక్క తప్పింది.

గుడిలోపల మండపం ఊడుస్తున్న ఒక పెద్దామె నన్ను చూసి, "కిందికి చూస్తే ఏముంటాదప్పా, నా కసువు తప్ప. పైకి చూడు" అంది. చూశాను. కప్పు నిండా బొమ్మలు. దేవతలు, రాజులు, పరిచారికలు. వాళ్ల ముఖాలకన్నా నన్ను కట్టిపడేసింది వాళ్ల చీరలు. చారలు, గళ్లు, హంసలు, తీగలు. ఒకరి అంచు ఇంకొకరి అంచులా లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట ఒకడు మెడ వెనక్కి విరుచుకుని, తడి సున్నం ఆరేలోగా, తన కాలపు ఆడవాళ్లు ఏమి కట్టుకున్నారో రాసిపెట్టి పోయాడు. నా మెడ పది నిమిషాలకే పట్టేసింది.

"ఈ అంచులన్నీ ధర్మవరంలో నేస్తారంట" అంది పెద్దామె. "ఆ నేసేవాళ్లు చూసిపోయేకి వస్తాంటారు. కాగితం కూడా తెచ్చుకోరు. కండ్లతోనే పట్టుకపోతారు."

పెనుకొండ

పెనుకొండలో బస్సు దిగి తలెత్తేసరికి కొండ నా మీద పడబోతున్నట్టుంది. దాని కింద ఊరు. ఊరు అనడానికి నోరు రాదు. ఒకప్పుడిది రాజధాని. విజయనగరం కూలిపోయాక రాజులు ఇక్కడికొచ్చి కొలువు తీర్చారు. నేను పుట్టినప్పటినుంచీ మా పేట పాతదని గర్వపడుతున్నాను. ఈ కోట గుమ్మం ముందు మా పేట నిన్న పుట్టిన పసిబిడ్డ.

గుమ్మం లోపల నీడలో ఒకామె బొరుగుల గంప పెట్టుకుని కూర్చుంది. పేరు నరసమ్మ. నేను మహలుకు దారి అడిగితే, "నడువు. ఈడ ఏదీ దూరం లేదు" అంది. నా గుండె ఉప్పొంగింది. నా జాతి మనిషి!

నిజమే, ఏదీ దూరం లేదు. మహలు, దాని పక్కన బావి, గుడి, గుడిని ఆనుకున్నట్టు మసీదు, వాటి మధ్య కోడిపిల్లలు. నగరమంతా నడిచిపోయే దూరంలోనే ఉంది. మహలు మెట్లెక్కి పై గదిలోంచి చూస్తే, ఒకనాడు ఏనుగులు తిరిగిన వీధిలో ఒక మేక గోడమీది గడ్డి అందక ముందుకాళ్లు ఎత్తి నిలబడి ఉంది. పొడుగాటి వీధి. రెండు వైపులా పునాదిరాళ్లు. గాలి తప్ప ఎవరూ నడవడంలేదు. నూట యాభై అంగల దాకా లెక్కపెట్టి మానేశాను.

తిరిగి వచ్చి నరసమ్మ దగ్గర పావుసేరు బొరుగులు కొన్నాను. కొలిచి పోసి, పైన గుప్పెడు శనగలు చల్లింది.

"ఈ వీధిలో అప్పట్లో ఏమి అమ్మేవాళ్లమ్మా?"

"రత్నాలంట. కుప్పలు పోసి అమ్మినారంట. ఇప్పుడు నేను బొరుగులు అమ్ముతాండా. కుప్పే."

"ఇంతమంది జనం ఎక్కడికి పోయారు?"

"యాడికి పోతారు? బతుకుండే కాడికి." ఆమె ఒక బొరుగు నోట్లో వేసుకుంది. "గోడలు ఉండాయి. మెట్లు ఉండాయి. బాయిలో నీళ్లూ ఉండాయి. మాపు జ్వరమొస్తే ఎవురో ఒకరు తలుపు తట్టల్ల గదా, దానికే మనిషి లేడు. ముందర ఈ వరసలో పదకొండు పొయ్యిలు వెలిగేటివి, నేను కాపురానికి వచ్చినప్పుడు. ఇప్పుడు నాదీ, ఆ మసీదు కాడి సాయబుదీ."

నేను మా పేట గురించి చెప్పాను: గుమ్మం దిగితే జనం, గోడకు గోడ, దగ్గితే పక్కింట్లో వినిపిస్తుందని.

"అదృష్టవంతుడివప్పా" అంది నరసమ్మ. "దగ్గేదెవురు?"

పదకొండేళ్లుగా మా గోడ అవతల ఒకాయన దగ్గుతాడు. పొడిదగ్గు. నాకు దగ్గు తెలుసుగాని మనిషి తెలియదు.

ధర్మవరం: మొదటి సాయంత్రం

ధర్మవరం రైలుస్టేషను దాటి నేతగాళ్ల వీధిలోకి తిరగ్గానే ఊరంతా ఒకే చప్పుడు. టక్, టకటక్. ప్రతి గుమ్మంలోంచీ. మునియప్ప సుత్తి తప్పించుకోవడానికి ఇంత దూరం వచ్చినవాడికి ఈ చప్పుడు హాయిగా ఎందుకుందో చెప్పలేను.

ఓబులేసు ముప్పై దాటిన బక్కపలచటి మనిషి. భార్య నాగమ్మ. ముందరి సావడిలో రెండు మగ్గాలు. ఒకటి వాళ్ల అన్నగారిది, ఒకటి ఓబులేసుది. ఓబులేసు మగ్గం మీద సగం నేసిన చీర, అరటాకు పచ్చ. అంచు చూసి నేను అలాగే నిలబడిపోయాను. హంసల వరస. లేపాక్షిలో నా మెడ విరిచిన హంసలే.

"కాగితం మీద గీసుకున్నావా?"

"లేదు సారూ. మా నాయన చూసొచ్చి నేసినాడు. ఆయన నేసింది చూసి నేను నేస్తాండా." అని, చేత్తో చీరను ఒకసారి తడిమి, "ఇది దించినాక ఈ గుంత అన్న కొడుకుది" అన్నాడు. గొంతులో కోపం లేదు. అన్న తప్పూ లేదు. ఇల్లు ఒకటి, గుంతలు రెండు, మగ్గాలు మూడు. ఆ లెక్క ఎవరు దిద్దినా సరిపడదు.

రాత్రికి ముందే భోజనాలు. వేడి వేడి రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి అనే వేరుశనగ పచ్చడి, మీద నెయ్యి. సంగటిని నమలకూడదని, మింగాలని నాకు తెలియదు. నేను నములుతుంటే అన్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బెంగుళూరోళ్లు నిదానస్తులు" అన్నాడు అన్న.

తిన్నాక నా పని మొదలుపెట్టాను. మా సందును వర్ణించాను. శుభలేఖలో పెళ్లికొడుకును కూడా ఎవరూ అంతగా వర్ణించి ఉండరు. చీరల కొట్లు మూడు వందల అంగల్లో ఉన్నాయన్నాను. నేసిన చీరను చంకలో పెట్టుకుని నడిచిపోయి అమ్మవచ్చునన్నాను. బడి, గుడి, మార్కెట్టు, డాక్టరు, అన్నీ అంగల్లో చెప్పాను. ఓబులేసు కళ్లు మెరిశాయి. నాగమ్మ మాత్రం సంగటి కట్టె కడుగుతూ అడిగింది:

"అన్నా, మీ సందు వెడల్పెంత?"

"ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఆనుకోవాలి. అంత దగ్గరితనం!"

"జట్కా వస్తాదా?"

"జట్కానా? సైకిలైనా దిగి నడిపించుకోవాలి. పిల్లలకు ఏ భయమూ లేదు."

"నేరుగా ఎంత పొడుగు ఉంటాది?"

ఈ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా చెప్పాను. "మీ గది ముందునుంచి పన్నెండు అంగలు. అంతలో వంపు వచ్చేస్తుంది. మళ్లీ తొమ్మిది, మళ్లీ వంపు. మధ్యాహ్నమైనా ఎండ తగలదు."

నాగమ్మ కడగడం ఆపింది. ఓబులేసు నా ముఖం చూడలేదు, నేలవైపు చూశాడు.

"పన్నెండంగలేనా?" అంది నాగమ్మ, నాతో కాదు.

తప్పేమన్నానో నాకు అంతుబట్టలేదు. నాలుగుసార్లు చదివినా కంటపడని తప్పులు ప్రూఫుల్లో ఉంటాయి. అవి అచ్చయ్యాకే కనబడతాయి.

పొద్దున్నే వీధి

నన్ను లేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. అప్పుడే తెల్లవారుతోంది. అరుగు మీదికి వచ్చి చూస్తే వీధిలో ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ. వాటి మధ్య, నడుము ఎత్తున, ఒక నది.

పడుగు అది. చీరకు నిలువునా ఉండే పోగులను పడుగు అంటారు. మూడు చీరలకు సరిపడా పట్టుపోగులు, వేలకు వేలు, కుంకుమ రంగువి, గాలిలో బిగించి ఉన్నాయి. అన్న కొడుకు కొత్త మగ్గానికి మొదటి పడుగు. గంజి పట్టించి, దువ్వి, తెగిన పోగు కనబడితే అతికి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. లేత వెలుతురు దానిమీద పడి జారిపోతోంది. నేను పక్కనే నడిచి కొలిచాను. ముప్పై రెండు అంగలు. నేరుగా.

అప్పుడర్థమైంది నాకు ఆ పన్నెండు అంగల సంగతి. మా సందులో మనుషులు నడవగలరు. పడుగు నడవలేదు. పడుగు వంపు తిరగదు.

ఇంకొకటి కూడా చూశాను. అన్న ఎవరినీ పిలవలేదు. పిలవకుండానే తలుపులు తెరుచుకున్నాయి. వేపపుల్ల నోట్లో పెట్టుకునే ఒకాయన వచ్చాడు. పాలచెంబు అరుగుమీద పెట్టి ఒకామె వచ్చింది. నిన్న సాయంత్రం ఏదో గోడ విషయంలో అన్నతో గట్టిగా అరిచిన ఎదురింటాయన కూడా వచ్చి, అన్న ముఖం చూడకుండా, తన చోట తాను నిలబడ్డాడు. ఎవరి చోటు ఎవరిదో అందరికీ తెలుసు. ఓబులేసు ఒకవైపు, నాగమ్మ ఇంకొకవైపు. తమను ఇంట్లోంచి కదిలిస్తున్న మగ్గం కోసమే ఇద్దరూ వంగి పోగులు చూస్తున్నారు.

"బెంగుళూరులోనూ నేతగాళ్లు ఉన్నారు కదా, వాళ్లేం చేస్తారు?" అని పక్కనున్నాయనను అడిగాను.

"పెద్ద వీధులుండే కాడ ఉంటారు. మీ సందులో ఉంటే పడుగు మోసుకొని ఆ వీధులకు పోవల్ల. పోతే పోతారు సారూ. ఆడ పట్టుకునేదానికి చేతులు ఎవుర్ని అడుగుతారు?"

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడే నాకు కాఫీ గుర్తుకొచ్చింది. హోటలు వీధికి అవతల ఉంది. మధ్యలో పడుగు. వీధి చివరిదాకా పోయి గుంజ చుట్టి రావాలి. ఎవరైనా అలాగే చేస్తారు. నేను పేట మనిషిని. మూరెడు ఖాళీ కనబడితే దూరిపోవడం పుట్టుకతో వచ్చిన విద్య. తల వంచాను, వీపు వంచాను, పడుగు కింద దూరి అవతల లేచాను. నేను లేచాను గాని, మోచేతికి తగిలించుకున్న గొడుగు కొక్కెం కిందే ఉండిపోయింది.

తెగిన చప్పుడు చాలా చిన్నది. ఒకటి కాదు, వరసగా. వాన మొదలయ్యేటప్పుడు ఆకుల మీద పడే చినుకుల్లా.

వీధి వీధంతా కదలకుండా నిలబడింది. గొడుగు పడుగుకు వేలాడుతోంది. దాన్ని తీయబోయాను. "తాకొద్దు!" అని ఒకేసారి పదిమంది అరిచారు.

వీధి చివర పీటమీద కూర్చుని గంజి చూస్తున్న ముసలామె లేచి వచ్చింది. సుంకమ్మవ్వ. భర్త పోయి మూడేళ్లు. ఈ వీధిలో పడుగు చూడడంలో ఆమె మాటే చివరి మాట. వచ్చి గొడుగును చూసింది, నన్ను చూసింది.

"ఏమి నాయనా, గొడుగు తెచ్చినోడివి ఆ వాన కూడా తెచ్చింటే సంతోషపడుదుము కదా."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. భూమి చీలి గుంతయితే బాగుండుననిపించింది. నాకు గుంత ఇచ్చేవాళ్లూ లేరు.

గుంత

నాగమ్మ అప్పటికే గొడుగును విడిపించి నా చేతికి ఇచ్చింది. తెగిన పోగుల దగ్గర వంగింది. నలభై దాకా తెగి ఉంటాయి. ఒక కొస ఇక్కడ, దాని జంట ఎక్కడో ఆ వేల మధ్య. ఆమె చూడనే చూడలేదు. వేళ్లే వెతికాయి. బొటనవేలు, చూపుడువేలు ఒకసారి మెలి తిప్పడం, పోగు ఒకటైపోవడం. ఎదురుగా ఓబులేసు, పక్కన ఇంకో ఇద్దరు. వాళ్లు ఒకటి అతికేలోగా నాగమ్మ మూడు అతికింది. పేట చీరల కొట్ల గురించి ఆ మనిషికి నేను నిన్న సాయంత్రం అరగంట చెప్పాను! ఆ వేళ్లను చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి పడుగు మీద చెయ్యి పెట్టి చూపిస్తేగాని ఎక్కడ తెగిందో నాకు కనబడలేదు.

సుంకమ్మవ్వ కూడా ఆ వేళ్లనే చూస్తోంది.

"ఏమే నాగీ, పోతాండారంటనే?"

"గుంత లేదు గదా అవ్వా."

"పోండి. రేపు ఇంకొకడు గొడుగెత్తుకొని వస్తాడు. అప్పుడు ఎవురు అతుకుతారే? వీడా?" వీడు అంటే నేను.

నాగమ్మ తల ఎత్తలేదు. అవ్వ కొంచెంసేపు పడుగుమీద అరచెయ్యి ఆడించింది. తరువాత గంజి కుంచె గిన్నెలో వేసి, ఎవరితోనో అన్నట్టు అంది:

"మా ఇంట్లో గుంత ఉండాది."

ఓబులేసు తరువాత నాకు చెప్పాడు. ఆమె భర్త పోయినప్పటినుంచీ ఆ గుంతమీద చెక్కలు వేసి ఉన్నాయి. మనిషి పోయిన గుంతలో, ఆ ఇంటి ఆడమనిషి చెప్పకుండా ఇంకొకరు కాలు పెట్టరు. అడగరు కూడా. మూడేళ్లుగా ఆ వీధిలో అందరూ ఆ చెక్కల పక్కనుంచి నడిచారు, ఒక్కరూ వాటిని చూసినట్టు కనబడలేదు.

"అవ్వా, నేను అడిగేకి రాలే..." అన్నాడు ఓబులేసు.

"నువ్వు అడగలేదురా. నేనే చెప్తాండా. గమ్మునుండి పడుగు చుట్టు, ఎండెక్కుతాండాది."

పడుగు చుట్టాక అందరం అవ్వ ఇంటికి పోయాం. చెక్కలు తీస్తే కింద చింతపండు కుండ, కంది కట్టె, ఒక పాత లాంతరు. అవ్వ తన భర్త గుంతను వంటింటి సామానుకు వాడుకుంది, ఖాళీగా కనబడకుండా. వాటిని బయటికి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. గొడుగును ముందే బయట దూరంగా పెట్టించారు.

ఓబులేసు గుంత అంచున కూర్చుని కాళ్లు దించాడు. కాళ్లు నేలకు అందలేదు. గాలిలో ఆడుతున్నాయి. అందరూ నవ్వబోయి అవ్వ ముఖం చూసి ఆగారు.

"ఆయన పొడుగు" అంది అవ్వ.

గోడ పక్కకు పోయి, ఇన్నాళ్లూ గుంతను మూసిన చెక్కల్లో ఒకదాన్ని తెచ్చి, తానే వంగి, ఓబులేసు పాదాల కింద సర్దింది. చేత్తో తట్టి చూసింది. ఎత్తు చాలలేదు. ఇంకొక చెక్క తెచ్చి వేసింది. పాదాలు ఆనాయి.

"ఇంగ నేసుకో."

నాగమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. ఎదురింటాయన అన్నతో, "చీర దించినాక మగ్గం మోసేదానికి నన్ను పిలువు" అన్నాడు. గోడ తగాదా అక్కడితో తెగిందో లేదో తెలియదు గాని, మాట అతికింది.

నేను వచ్చిన పని చెడిపోయింది. చెడగొట్టింది నేనే, నా గొడుగూ, నా పన్నెండు అంగలూ. ఇంత చక్కగా నేను ఏ పనీ చెడగొట్టి ఎరగను.

మళ్లీ మా సందులో

నాగమ్మ లక్ష్మక్కకని ఓళిగలు, అవే బొబ్బట్లు, కట్టి ఇచ్చింది. అవి చూసి లక్ష్మక్క, "నేను నిన్ను పంపింది మనిషిని తెమ్మని. నువ్వు తెచ్చింది ఓళిగలా?" అంది. జరిగింది చెప్పాను. గొడుగు సంగతి దాటేద్దామనుకున్నాను గాని అది లేకుండా కథ అతకలేదు.

ఆమె ఓళిగలు పక్కన పెట్టింది. తరువాత అడిగింది: "సుంకమ్మక్క చెక్కలు తీసిందా? తానే తీసిందా?"

"తానే."

ఆమె లేచి సందులోకి వచ్చింది. తన ఇంటి గోడను ఒక చేత్తో పట్టుకుని, ఆ వంపు దాకా చూసింది. ఒక్కసారి రెండో చెయ్యి గాలిలో నడుము ఎత్తున, పడుగు పట్టుకున్నట్టు చాచి, వెంటనే దించేసుకుంది. ఎవరికైనా కనబడిందేమోనని చూసి, "ఒకటో తారీఖు మునియప్పను రమ్మను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఒకటో తారీఖు పొద్దున ఆరింటికి నా నిద్ర చెడింది. సుత్తితో కాదు, కేకలతో. మునియప్ప పెళ్లిళ్లలో వంట చేసే ఇత్తడి అండా ఒకటి తెచ్చాడు. పెద్ద మనిషి అందులో కూర్చుని స్నానం చేయవచ్చు. అది మొదటి వంపు దగ్గర ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. మునియప్ప అవతల ఉన్నాడు, ఆయన గది ఇవతల ఉంది.

కిటికీ మూసి పడుకుందామనుకున్నాను. పదకొండేళ్లుగా అదే చేసేవాణ్ణి. ఈసారి కిందికి దిగాను. ఇవతలి చెవి పట్టుకున్నాను.

"పక్కకు వాల్చండి స్వామీ!"

వాల్చాను. లక్ష్మక్క వచ్చి అడుగుభాగం పట్టుకుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ పక్కదీ తెరుచుకుంది. మొదటి వంపు తిరిగింది. రెండో వంపు దగ్గర నా వేళ్లు గోడకూ ఇత్తడికీ మధ్య నలిగాయి. నలిగితే నలిగాయి, వదల్లేదు. మూడో వంపు అందరికన్నా ఇరుకు. అక్కడ అండా మళ్లీ ఆగింది.

"కొంచెం పైకెత్తి తిప్పండి" అన్నారెవరో నా వెనకనుంచి, ఒకసారి దగ్గి.

పొడిదగ్గు. నేను తిరిగి చూశాను. పొట్టి మనిషి, కంబళి కప్పుకుని ఉన్నాడు. కంబళి గోడమీద వేసి, నా చేతి పక్కనే అండా చెవి పట్టుకున్నాడు.